బోర్డు మీద అంకె మారిస్తే సరిపోతుందా?

(నగర రోడ్లపై స్పీడ్ లిమిట్ల మార్పు గురించి జరిగిన పౌర సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకు ముందు మాట్లాడిన ఇద్దరూ గట్టిగానే మాట్లాడారు. లిమిట్ గంటకు 30 కిలోమీటర్లకి దించకపోతే పిల్లల ప్రాణాలకు దిక్కెవరని ఒకరు అడిగారు. దించితే ఊరంతా ఎక్కడికక్కడ ఆగిపోతుందని ఇంకొకరు అన్నారు. ఇద్దరికీ చప్పట్లు సమానంగానే పడ్డాయి. కొంతమంది రెండుసార్లూ కొట్టారు, ఇక్కణ్ణించి నాకు బాగానే కనబడింది. (నవ్వులు)

నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తాను, లేకపోతే చివరిదాకా మీరు అదే ఆలోచిస్తూ కూర్చుంటారు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే రోడ్డు మీద లిమిట్ 30 ఉండాలన్నదే నా మాట. అన్ని రోడ్లకీ కలిపి ఒకే అంకె పెట్టేద్దామంటే మాత్రం ఒప్పుకోను. బోర్డు ఒక్కటే మార్చి రోడ్డును ఎప్పటిలాగే వదిలేస్తామంటే అసలే ఒప్పుకోను. ఈ మూడో మాట మీదే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇందాకటి నుంచి దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఈ గొడవ మోటారు కారు పుట్టినప్పుడే పుట్టింది. 1896 జనవరిలో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన ప్యాడక్ వుడ్ అనే ఊళ్లోంచి కారులో దూసుకుపోయాడు. దూసుకుపోవడమంటే గంటకు 8 మైళ్లు, మన లెక్కలో 13 కిలోమీటర్లు. అప్పటి చట్టం ప్రకారం ఊళ్లో లిమిట్ గంటకు 2 మైళ్లు. పైగా బండికి ముందు ఒక మనిషి నడుస్తూ ఉండాలి, ఆయన బండి ముందు ఎవరూ లేరు. ఒక పోలీసు సైకిలెక్కి వెంటపడి పట్టుకున్నాడు. ఓవర్ స్పీడ్‌కి ఒక షిల్లింగ్ జరిమానా పడింది. లోకంలో ఓవర్ స్పీడ్‌కి పడిన మొదటి జరిమానా అదేనంటారు. ఆ ఏడాది చివర్లోనే లిమిట్‌ని 14 మైళ్లకు పెంచారు. ఆర్నాల్డ్ గారి వ్యాపారం కార్లు అమ్మడం. ఆ షిల్లింగ్ ఆయనకు ఎంత కలిసొచ్చిందో మీరే ఊహించుకోండి. (నవ్వులు)

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1903లో బ్రిటన్ లిమిట్‌ని 20 మైళ్లు చేసింది. కార్లు బలపడేకొద్దీ దాన్ని పాటించేవాళ్లు కరువయ్యారు. ఎవరూ పాటించని చట్టం నవ్వులపాలవుతోందని 1930లో కార్లకు లిమిట్ అన్నదే తీసేశారు. 1934లో ఆ దేశపు రోడ్ల మీద ఒక్క ఏడాదిలో 7 వేల మందికి పైగా చనిపోయారు. ఇప్పటితో పోలిస్తే అప్పుడున్న బండ్లు చాలా తక్కువ. 1935లో, జనం ఉండే ప్రాంతాలకు 30 మైళ్ల లిమిట్‌ని మళ్లీ తెచ్చారు. "ఎవరూ పాటించట్లేదు కాబట్టి తీసేద్దాం" అన్న మాట ఇందాక ఈ వేదిక మీద కూడా వినబడింది, అందుకే ఇదంతా చెప్పాను. ఆ మాటను ఒక దేశం ఐదేళ్లు ఆచరించి చూసింది.

ఇప్పుడు కొంచెం లెక్కలు చూద్దాం. భయపడకండి, పదో తరగతి లెక్కలే.

గంటకు 50 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. 30 అంటే సెకనుకు 8 మీటర్ల పైచిలుకు. రోడ్డు మీదికి ఒక పిల్లవాడు బంతి కోసం పరిగెత్తుకొచ్చాడనుకోండి. కన్ను చూసి, బుర్ర గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఎంత చురుకైన డ్రైవరుకైనా ఒక సెకను పడుతుంది. ఫోను చూసుకునేవాడి సంగతి వదిలేయండి, మంచి డ్రైవరు గురించే చెప్తున్నాను. ఆ సెకనులో 50 మీద వెళ్లే కారు 14 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, ఆగడానికి ఇంకో 14 మీటర్లు. మొత్తం 28. 30 మీద వెళ్లే కారుకి ఆ సెకనులో 8 మీటర్లు, బ్రేకు మీద 5 మీటర్లు, మొత్తం 13.

రెండు కార్లూ పక్కపక్కనే వస్తున్నాయనుకోండి. 30 మీద వచ్చే కారు పూర్తిగా ఆగిపోయిన చోట, 50 మీద వచ్చే కారుకి ఇంకా బ్రేకే పడలేదు. పిల్లవాడు 13 మీటర్లకు కాస్త అవతల ఉంటే, మొదటి కారు వాణ్ణి తాకదు, రెండోది నిండు వేగంతో తగులుతుంది.

ఇది విని "అంత తేడా అంటే ఎలాగూ తెలిసిందే, నేను లిమిట్ కంటే ఓ పది ఎక్కువ వెళ్తానంతే" అనేవాళ్లుంటారు. వాళ్ల కోసం ఇంకో లెక్క. 50 కారు పూర్తిగా ఆగిన ఆ 28 మీటర్ల గీత దగ్గర, 60 మీద వచ్చిన కారు వేగం ఎంత ఉంటుంది? చాలామంది 10 అంటారు. అరవైలోంచి యాభై తీసేస్తే పదే కదా అని. కానీ ఆ గీత దగ్గర దాని వేగం ఇంకా 40. స్పందించే సెకనులోనే అది దాదాపు 17 మీటర్లు పోయింది, బ్రేకుకి మిగిలింది 11 మీటర్లే. పైగా బ్రేకు అణచాల్సిన శక్తి వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బ్రేకింగ్‌లో మొదటి మీటర్లలో వేగం తక్కువ తగ్గుతుంది, చివరి మీటర్లలో గబగబా పడిపోతుంది. ఆ చివరి మీటర్లే ఇక్కడ లేకుండా పోయాయి. ఆ పది తీసుకెళ్లి ఎవరికో నలభైతో తగిలిస్తుంది.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో అర్థం కావాలంటే మేడల లెక్కలో చూసుకోవచ్చు. గంటకు 30తో తగలడమంటే మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒక అంతస్తు పైనుంచి కింద పడ్డట్టు. 40 అంటే రెండంతస్తులు. 50 అంటే దాదాపు 10 మీటర్లు, మూడంతస్తులు. ఒక అంతస్తు మీది నుంచి పడ్డవాళ్లు కాలు విరిగి బతికిన సందర్భాలు మీరందరూ విని ఉంటారు.

ఇక్కడ నా పక్షం వాళ్లకు కూడా ఒక చిన్న చురక. కొన్ని కరపత్రాల్లో 50తో తగిలితే పదిమందిలో ఎనిమిది మంది చనిపోతారని రాస్తున్నారు. ఆ అంకె పాత అధ్యయనాల్లోంచి వచ్చింది. అప్పట్లో చిన్న దెబ్బల కేసులు రికార్డుల్లోకి సరిగ్గా ఎక్కేవి కావు, అందుకని చావుల శాతం అసలు కంటే పెద్దగా కనబడింది. జర్మనీ ప్రమాదాల సమాచారంతో 2009లో వచ్చిన అధ్యయనం దాన్ని సరిదిద్దింది. పెద్దవాళ్లకు 50 దగ్గర చావు ముప్పు 10 శాతం లోపే తేలింది. అయితే అదే అధ్యయనంలో 50 దగ్గర ముప్పు 30తో పోలిస్తే ఐదు రెట్లకు పైగా ఉంది, 40తో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉంది. ఐదు రెట్లు చాలదా? అబద్ధపు ఎనభై ఎందుకు? అవతలివాళ్లు ఆ ఒక్క అంకె తప్పని నిరూపిస్తే మన మిగతా మాటలన్నీ కొట్టుకుపోతాయి.

పిల్లల గురించి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. బండి దగ్గరికొచ్చే కొద్దీ కంట్లో దాని బొమ్మ పెద్దదవుతుంది. ఆ పెరుగుదలను బట్టే దాని వేగం మనకు తెలుస్తుంది. లండన్ దగ్గరున్న రాయల్ హాలోవే విశ్వవిద్యాలయంలో ప్రైమరీ స్కూలు పిల్లల మీద ఈ విషయం పరీక్షించారు. గంటకు 20 మైళ్లు దాటిన వేగంతో వచ్చే బండి అసలు కదులుతోందో లేదో ఆ వయసు పిల్లలు నమ్మకంగా చెప్పలేరని తేలింది. అంటే 32 కిలోమీటర్లు. "పిల్లలకు రోడ్డు దాటడం నేర్పాలి" అంటారు, నేర్పాలి, కాదనను. కానీ వాడి కన్ను ఇంకా చెయ్యలేని పనిని పాఠం చెప్పి చేయించలేం.

సరే, ఇప్పుడు అవతలి పక్షం మాటకి వద్దాం. టైము. ఇది చిన్న విషయమని నేననను. రోజూ పనికెళ్లే మనిషికి నిమిషం కూడా నిమిషమే.

కాగితం మీద లెక్క వేస్తే 5 కిలోమీటర్లు 50 మీద వెళ్తే 6 నిమిషాలు, 30 మీద వెళ్తే 10 నిమిషాలు. నాలుగు నిమిషాలు పోయినట్టే. కానీ ఊళ్లో 5 కిలోమీటర్లు ఎవరైనా ఒకే వేగంతో వెళ్లారా? సిగ్నలుకీ సిగ్నలుకీ మధ్య 400 మీటర్లున్న రోడ్డు తీసుకోండి. ఆగిన చోటు నుంచి బయల్దేరి, వేగం అందుకుని, మళ్లీ బ్రేకు వేసి ఆగాలి. 50 దాకా వెళ్లి ఆగితే ఆ 400 మీటర్లకు 38 సెకన్లు. 40 దాకానే వెళ్తే 43. తేడా 5 సెకన్లు. 30 దాకానే వెళ్తే 54 సెకన్లు, తేడా 16. ఆ తర్వాత రెడ్ లైట్ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. ముందొచ్చిన వాడు ఎక్కువసేపు నిలబడతాడు, అంతే.

ట్రాఫిక్ జామ్ పెరుగుతుందన్న మాట కూడా వచ్చింది. ఊళ్లో రోడ్డు ఎన్ని బండ్లను పంపగలదనేది కూడళ్లు తేలుస్తాయి, బోర్డులు కాదు. గ్రీన్ పడ్డాక ఒక్కో లేన్‌లో దాదాపు రెండు సెకన్లకో బండి గీత దాటుతుంది. లిమిట్ 50 అయినా 40 అయినా ఆ రెండు సెకన్లు పెద్దగా మారవు, ఎందుకంటే గీత దగ్గర ఎవరూ 50లో ఉండరు. జామ్ తగ్గాలంటే కూడలి చూడాలి, సిగ్నల్ టైమింగ్ చూడాలి, రోడ్డు మీద అడ్డదిడ్డంగా ఆపేసిన బండ్లను చూడాలి.

కానీ కూడళ్లు దూరదూరంగా ఉండి, పక్కన ఇళ్లూ షాపులూ లేని పెద్ద రోడ్లు ఉంటాయి. అక్కడ 50ని 30 చేస్తే టైము నిజంగానే పోతుంది, దక్కేది తక్కువ. అలాంటి రోడ్డు మీద 30 పెట్టమని నేను అడగను. అక్కడ కాలిబాట విడిగా ఉండాలి, దాటే చోట్ల సిగ్నల్ ఉండాలి, అది అడుగుతాను.

ఇందాక సభలో వెనక నుంచి ఒక బస్సు సంస్థ ఉద్యోగి మాట్లాడారు. ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకైతే ఇవాళ విన్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చే అభ్యంతరం అదే. ఒక రూటులో బస్సు వెళ్లి తిరిగి రావడానికి, చివర్లో ఆగే సమయంతో కలిపి, 100 నిమిషాలు పడుతుందనుకోండి. పది నిమిషాలకో బస్సు నడపాలంటే 10 బస్సులు కావాలి. లిమిట్ తగ్గి ఆ ట్రిప్పు 110 నిమిషాలైతే, అదే పది నిమిషాలకో బస్సుకి 11 కావాలి. ఇంకో బస్సు, షిఫ్టుకో డ్రైవరు. ఆ డబ్బు ఇవ్వకపోతే వాళ్లు చేసేదొక్కటే, బస్సుకీ బస్సుకీ మధ్య టైము పెంచుతారు. అప్పుడు స్టాపులో నిలబడేది ఎవరు? నడిచేవాళ్లే. మనం ఎవరి కోసం ఇదంతా అడుగుతున్నామో వాళ్లే. కాబట్టి లిమిట్ తగ్గించమనే అర్జీలో బస్సు వెళ్లే రోడ్ల గురించి విడిగా రాయాలి. స్టాపుల దగ్గరా కూడళ్ల దగ్గరా బస్సుకి పోయే టైము తగ్గిస్తే రోడ్డు మీద పోయింది అక్కడ రాబట్టుకోవచ్చు. టికెట్లు లోపల కాకుండా కిందే ఇవ్వడం, సిగ్నల్ దగ్గర బస్సుకి ముందు దారి వదలడం, ఇలాంటివి. ఆ పనులు జరక్కుండా లిమిట్ ఒక్కటే మారితే ఆ ఉద్యోగి చెప్పిందే నిజమవుతుంది.

ఇప్పుడు బోర్డు సంగతి.

లిమిట్లు పెట్టడానికి ఇంజనీర్లు చాలా దేశాల్లో దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బండ్ల వేగం కొలుస్తారు. వందలో 85 బండ్లు ఏ వేగం లోపు వెళ్తున్నాయో చూసి, దాని దరిదాపుల్లో లిమిట్ పెడతారు. ఎక్కువమంది బుద్ధిగానే నడుపుతారన్నది దీని వెనక నమ్మకం. హైవేకి పర్వాలేదు. ఊళ్లో రోడ్డుకి మాత్రం ఇదొక వింత ఎన్నిక. డ్రైవర్లకే ఓటు ఉంటుంది. నడిచేవాళ్లకి లేదు, సైకిలు వాళ్లకి లేదు, ఆ రోడ్డుకు భయపడి ఇంట్లోనే ఉండిపోయే ముసలావిడకి అసలే లేదు. పైగా లిమిట్ పెంచాక అందరూ ఇంకాస్త ఎక్కువ వెళ్తారు, మళ్లీ కొలిస్తే మళ్లీ పెంచాలి. అమెరికాలో ఈ పద్ధతి మీద చాలాకాలం వాదన నడిచి, 2023 డిసెంబరులో వచ్చిన అక్కడి జాతీయ ట్రాఫిక్ మాన్యువల్ దీని పట్టు కొంత సడలించింది. రోడ్డు పక్కన ఏముంది, నడిచేవాళ్లు ఎంతమంది అన్నవి కూడా చూడమంది.

అయినా ఆ పద్ధతిలో ఒక నిజం ఉంది, దాన్ని మనం మింగేయకూడదు. డ్రైవరు బోర్డును చూసి నడపడు, రోడ్డును చూసి నడుపుతాడు. వెడల్పాటి లేన్లు, దూరం దాకా అడ్డూ ఆపూ లేని చూపు, పెద్ద వంపుతో తిరిగే మూల, ఇవన్నీ "ఇంకొంచెం వెళ్లు" అంటుంటాయి. బోర్డు ఒక్కటే వద్దంటుంది. ఎవరి మాట నెగ్గుతుందో వేరే చెప్పాలా?

ఇంగ్లండ్‌లో బోర్డులు మాత్రమే పెట్టి 20 మైళ్ల లిమిట్ తెచ్చిన ప్రాంతాల మీద ప్రభుత్వం చేయించిన పరిశీలన 2018లో వచ్చింది. అక్కడి వేగం గంటకు ఒక మైలు కూడా తగ్గలేదు. ఇదే చూపించి వ్యతిరేకులు "చూశారా, దండగ" అంటారు. నేను దాన్ని ఇంకోలా చదువుతాను. స్వీడన్ వాళ్ల పాత లెక్క ఒకటుంది. సగటు వేగం 1 శాతం తగ్గితే ప్రాణాంతక ప్రమాదాలు 4 శాతం దాకా తగ్గుతాయని. ఊళ్లో రోడ్ల మీద ఈ నిష్పత్తి కొంచెం తక్కువే ఉంటుంది. అయినా ఒక్క మైలులో సగానికి కూడా విలువ ఉంది. కాకపోతే అంతటితో చేతులు దులుపుకుంటే మనం అడిగింది ఇచ్చినట్టూ ఉంటుంది, ఇవ్వనట్టూ ఉంటుంది.

రోడ్డు మార్చడమంటే కోట్లు కుమ్మరించాలని కాదు. మూల దగ్గర ఫుట్‌పాత్ అంచుని ముందుకు జరిపి మలుపును బిగిస్తే తిరిగే బండి దానంతటదే నెమ్మదిస్తుంది, దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. లేన్ గీతలు మళ్లీ వేసేటప్పుడు మూడున్నర మీటర్లకు బదులు మూడు మీటర్లకు వేయొచ్చు. రోడ్డు దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకి లేపొచ్చు, పైన బల్లపరుపుగా, రెండు వైపులా వాలుగా. స్పీడ్ బ్రేకర్లు ఎవరికివాళ్లు రాత్రికి రాత్రి పోసేసుకోవడం మాత్రం వద్దు. రంగు లేక, కొలత లేక, వీపు విరగ్గొట్టే గుట్టలవి. అంబులెన్సులో పడుకున్న రోగిని అడగండి వాటి గురించి.

ఇక వేరే ఊళ్లలో ఏం జరిగిందో చూద్దాం. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే ప్రధాన రోడ్లు తప్ప ఊరంతటికీ 30 పెట్టింది. అప్పుడు గొడవ గట్టిగానే జరిగింది. 2021లో స్పెయిన్ దేశం మొత్తం, ఊళ్లలో వైపుకి ఒక్క లేనే ఉన్న రోడ్లన్నిటికీ 30 పెట్టింది. అదే ఏడాది పారిస్ కూడా చాలా వీధుల్ని 30లోకి తెచ్చింది. ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో ఇప్పుడు సగానికి పైగా వీధుల్లో లిమిట్ 30. 2024 జులై నుంచి 2025 జులై దాకా ఏడాదిపాటు ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. ఆరు లక్షలకు పైగా జనం ఉన్న ఊరు అది. అయితే అది బోర్డుల మహిమ అని ఎవరైనా చెప్తే నమ్మకండి. వీధుల్ని సన్నం చేశారు, చెట్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు, బస్సులూ ట్రాములూ బాగా నడుపుతారు. దశాబ్దాల పని.

బ్రిటన్‌లో భాగమైన వేల్స్ కథ వేరు. 2023 సెప్టెంబరులో జనం ఉండే ప్రాంతాల్లో 30 మైళ్ల లిమిట్‌ని ఒక్కరోజులో 20 చేశారు. వెనక్కి తీసుకోమంటూ వచ్చిన పిటిషన్‌ మీద 4 లక్షల 60 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ దేశపు జనాభాయే 31 లక్షలు. వాళ్ల పార్లమెంటుకు అంతకుముందు అంత పెద్ద పిటిషన్ రాలేదు. ఏడాది తిరిగేసరికి ఆ రోడ్ల మీద దెబ్బలు తగిలినవాళ్ల సంఖ్య బాగా తగ్గిందని పోలీసు రికార్డులు చూపించాయి. కానీ ఆలోపే కొత్త మంత్రి వచ్చి, ఏ రోడ్లకు మినహాయింపు కావాలో చెప్పమని మళ్లీ జనాన్నీ స్థానిక సంస్థలనూ అడగాల్సి వచ్చింది. ఎందుకంటే ఇళ్లు లేని రోడ్డు మీద కూడా 20 బోర్డు చూసినవాడికి ఒళ్లు మండింది. ఆ మంట స్కూలు ముందున్న 20 బోర్డు మీదికి కూడా పాకింది. అన్ని రోడ్లకీ ఒకే అంకె వద్దని నేను అనేది ఇందుకే.

న్యూజిలాండ్‌లో వ్యవహారం ఇంకా ముందుకెళ్లింది. 2020 తర్వాత తగ్గించిన లిమిట్లలో చాలావాటిని మళ్లీ పెంచాలని 2024లో కొత్త ప్రభుత్వం రూలు మార్చింది. అంటే గెలిచింది గెలిచినట్టు ఉండదు. ఒక ఎన్నికలో పెట్టిన బోర్డును ఇంకో ఎన్నిక పీకేయగలదు. ముందుకు జరిపిన ఫుట్‌పాత్‌ని పీకడం అంత సులువు కాదు.

ఈ వాదనలో తూకం ఎప్పుడూ ఒక వైపుకే మొగ్గుతుంది, గమనించారో లేదో. పోయిన నిమిషం డ్రైవరుకి ప్రతి ఉదయం తెలుస్తుంది. జరగకుండా ఆగిన ప్రమాదం ఎవరికీ తెలియదు, ఆ ప్రాణం దక్కిన మనిషికి కూడా తెలియదు. ఆయన ఈ సభకు వచ్చి థాంక్స్ చెప్పడు. కాబట్టి అది తెలిసేది లెక్కల్లోనే. లెక్కలు ముందు నుంచీ మన దగ్గర ఉండాలి.

అందుకే ఈ వారంలో మీరు చేయదగ్గ పని ఒకటి చెప్తాను. మీ వీధిలో రెండు కరెంటు స్తంభాల మధ్యో, రెండు గేట్ల మధ్యో టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలవండి. సుద్దతో రెండు గీతలు గీయండి. బండి ముందు చక్రం మొదటి గీత తాకగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి, రెండో గీత దగ్గర ఆపండి. 6 సెకన్లు వస్తే 30. నాలుగున్నర వస్తే 40. 3.6 వస్తే 50. మూడే వస్తే 60. మేడ మీద నుంచో కిటికీ లోంచో చూస్తే మంచిది. రోడ్డు పక్కన చేతిలో ఫోనుతో నిలబడితే మిమ్మల్ని చూసి అందరూ బుద్ధిమంతులైపోతారు. (నవ్వులు) ముందు బండి అడ్డం లేకుండా ఖాళీగా వచ్చేవాటినే లెక్కలోకి తీసుకోండి. వంద బండ్లు రాయండి. వేగం ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకి వరుసలో పెట్టి 85వది చూడండి. అదే ఇంజనీర్ల అంకె, ఇప్పుడు మీ దగ్గరా ఉంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో కొంత తేడా వస్తుంది, ఒక్కో బండికి అది ఎక్కువే కావచ్చు, వంద మీద సర్దుకుంటుంది.

దాని పక్కనే ఇంకో కాగితం మీద నడిచేవాళ్లను కూడా లెక్కపెట్టండి. గంటలో ఎంతమంది దాటారు, అందులో పిల్లలెందరు, ముసలివాళ్లెందరు, సగంలో ఆగిపోయి వెనక్కి వచ్చినవాళ్లెందరు. ఆ చివరి అంకె ఏ ప్రభుత్వ రికార్డులోనూ దొరకదు. లిమిట్ మారిన ఆర్నెల్లకు మళ్లీ ఇదే పని చేయండి. తేడా లేకపోతే బోర్డు కాదు, రోడ్డు మార్చమని అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: తప్పంతా బండ్లదేనా? ఫోను చూసుకుంటూ దాటేవాళ్ల సంగతేంటి?

ఫోను చూసుకుంటూ దాటకూడదు, మా మనవరాలికి కూడా ఇదే చెప్తాను, వినదు. మనిషన్నాక తప్పు చేస్తాడు, నడిచేటప్పుడూ చేస్తాడు, నడిపేటప్పుడూ చేస్తాడు. 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన విజన్ జీరో విధానానికి మొదటి మెట్టు అదే. తప్పులు ఎలాగూ జరుగుతాయి, ఆ తప్పుకి శిక్ష ప్రాణం కాకుండా రోడ్డును కట్టండి అని. తప్పు ఎవరిదనేది కోర్టు తేలుస్తుంది. ఎవరు బతికారనేది మాత్రం తగిలినప్పటి వేగాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: కెమెరాలు పెట్టేది జరిమానాలు గుంజుకోవడానికే కదండీ?

ఆ అనుమానం ఊరికే పుట్టదు. చెట్టు చాటున దాచిన కెమెరా ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కెమెరా ఎక్కడుందో ముందే పెద్ద బోర్డు పెట్టమనండి. రెండు చోట్ల నంబరు చదివి మధ్యలో సగటు వేగం లెక్కకట్టే కెమెరాలు ఇంకా మేలు. మామూలు కెమెరా దగ్గర అందరూ బ్రేకు కొట్టి, దాటగానే మళ్లీ తొక్కుతారు. ఇక్కడ ఆ ఆట సాగదు. జరిమానా డబ్బు రోడ్డు మరమ్మతులకే పోవాలని రాతపూర్వకంగా అడగండి. జరిమానాలు ఏటేటా తగ్గుతుంటే ఆ కెమెరా పని చేస్తున్నట్టు.

ప్రశ్న: మా ఇంటి ముందున్నది పెద్ద రోడ్డు. అర్ధరాత్రి ఖాళీగా ఉంటుంది. అప్పుడు కూడా 30 ఎందుకు?

మంచి ప్రశ్న. దీనికి రెండు ఊళ్లలో రెండు జవాబులుంటాయి. స్కూలు వేళల్లోనే తక్కువ లిమిట్ పెట్టే దేశాలు చాలా ఉన్నాయి. బెర్లిన్‌లో కొన్ని పెద్ద రోడ్ల మీద తిరగేసి పెట్టారు, పగలు 50, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 30. కారణం ప్రమాదాలు కాదు, నిద్ర. 50 నుంచి 30కి దిగితే శబ్దం రెండు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. మూడు డెసిబెల్స్ అంటే రోడ్డు మీద బండ్లు సగానికి తగ్గినట్టే. మీది పెద్ద రోడ్డంటున్నారు కాబట్టి పగటి లిమిట్ జోలికి నేను పోను. రాత్రి సంగతి మాత్రం ఆ రోడ్డు వెంబడి పడుకునేవాళ్లను అడిగి తేల్చుకోండి. అర్జీలో ఆ రోడ్డు పేరు విడిగా రాయండి, చిన్న వీధులతో కలపొద్దు. కలిపితే ఆ ఒక్క రోడ్డు మీద వచ్చే అభ్యంతరంతో మిగతా వీధులన్నీ ఆగిపోతాయి.